తెప్ప పట్టుకున్న నాలుగో మనిషి

మీలో ఆ సొరచేపల సినిమా చూసినవాళ్ళు ఎంతమంది? చివర్లో తెప్ప పట్టుకుని ఎంతమంది ఉన్నారో ఎవరైనా గమనించారా?

నేను చెప్తాను. ఆ రోజు నిజంగా ఉన్నది ముగ్గురం. నేను, పడవ నడిపే మా లావొండా మామయ్య, మకస్సర్ పట్నం నుంచి వచ్చిన హీరో జెఫ్రీ.

ఆ సాయంత్రం సముద్రం తొణకలేదు. వెదుళ్ళకి ప్లాస్టిక్ డ్రమ్ములు కట్టిన తెప్ప మీద మేం. కాస్త దూరంలో పడవలో డైరెక్టర్ హెన్‌ద్రా, ఆయన కెమెరా. రబ్బరు సొరచేప చేయించే స్తోమత లేని సినిమా అది. అందుకే మా ఊళ్ళో ఓ ఇంటి చూరుకి వేలాడే, గలగలమనే కొబ్బరిచిప్పల గిలక తెచ్చుకున్నాడు. దాన్ని నీళ్ళలో ఆడిస్తే సొరలు వస్తాయి.

"సార్, ముందు అన్నం ముద్ద వెయ్యాలి," అన్నాడు మామయ్య. "పిలుపు ముందు వినేది సొరలు కాదు. మా తోబుట్టువులు."

సముద్రం మీదే బతికే మా బాజో వాళ్ళలో బిడ్డ పుట్టగానే మావిని సముద్రానికిస్తారు. అదే ఆ బిడ్డకి నీటి అక్క, నీటి అన్న. అన్నం ముద్ద వేసి, పిలిచేది ఎవరో వాళ్ళకి చెప్పకుండా గిలక ముట్టం.

"మీ అక్కకి వేపుడన్నం పార్సిల్ పంపిస్తాలే. వెలుతురు పోతోంది," అని హెన్‌ద్రా గిలక ముంచాడు.

ఎండుటెముకలు రాసుకున్నట్టు చప్పుడు. నీటి వాసన మారింది. తుప్పు వాసన, పచ్చి నెత్తురు వాసన. తెప్ప కింద నల్లటి నీడ జారింది. దాని వెనక ఇంకోటి...

ఒక్క గుద్దు. డ్రమ్ము పగిలింది. ముగ్గురం నీళ్ళలో పడి వెదుళ్ళు పట్టుకున్నాం. పడవ మా వైపు రాలేదు. వెనక్కి పోయింది. కెమెరా మాత్రం మమ్మల్నే చూస్తోంది.

తెప్ప కుంగుతోంది.

"ఇది ఇద్దరినే మోస్తుందే పిల్లా," అని గొణిగాడు మామయ్య. పట్టు వదులుతున్నాడు.

మామయ్య మణికట్టు పట్టుకున్నాను. "వదిలావంటే నీ వెనకే నేనూ వదిలేస్తా. తర్వాత పైన మా అమ్మకి నువ్వే జవాబు చెప్పుకో."

"అక్కడ కూడా వాదనేనా," అన్నాడు జెఫ్రీ, పళ్ళు టకటకలాడుతుంటే.

ఒక రెక్క నా మోకాలికి గీరుకుంది. గరుకుగా... చల్లగా... నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నీళ్ళలో మూతి పెట్టి చెప్పాను.

"అక్కా, నిన్ను పిలిచింది మేం కాదు. పిలిచినవాడు ఆ పడవలో ఉన్నాడు."

తెప్ప లేచింది. నా పక్క వెదురు మీద ఎవరి వేళ్ళో... తడిసి, తెల్లగా...

సొరలు వెళ్ళిపోయాయి. చీకటి పడేలోగా మా ఊరి పడవలొచ్చి ముగ్గురినీ తీశాయి.

సినిమాలో చూడండి. తెప్ప దగ్గర నాలుగు తలలు. నేను కెమెరాకి వీపు పెట్టి ఉన్నాను. నాలుగో తల వెనక్కి తిరిగి కెమెరాకేసి చూస్తుంది. ఆ ముఖం నాది.

రేపు రెండో భాగం తీయడానికి హెన్‌ద్రా మళ్ళీ వస్తున్నాడు. రావద్దని ఫోన్ చేశాను. ఆయన మాటల వెనక అదే చప్పుడు.

"ముందు ఆ గిలక ఆపండి సార్."

"ఏ గిలకమ్మా? అది ఆ రోజే నీళ్ళలో పడిపోయింది కదా."

ఆయన మీద నాకు జాలి లేదు. కానీ మా అక్క చేత ఆయన ప్రాణం తీయించను. రేపు పొద్దున్నే అందరూ రేవుకి రండి. ఆయన పడవ సముద్రంలోకి కదలకుండా అడ్డంగా నిలబడండి.