పీతలు దాక్కోలేదు

మా బీచిలో నాది కాపలా పని. అటవీ శాఖ వాళ్ళు పెట్టేరు. సరుగుడు తోటకీ సముద్రానికీ మధ్య ఇసకంతా ఎర్రపీతలే. అవి బొరియలు పెట్టుకునే చోట చుట్టూ తాడు కట్టుంటుంది. టూరిస్టులు తాడు దాటకుండా చూడాలి. చీకటి పడే ముందు విజిల్ ఊది అందర్నీ పంపేసి, బీచి ఖాళీ అని గార్డు అప్పారావుగారికి ఫోన్లో చెప్పాలి. అంతే పని.

ఖాళీ అయిందో లేదో చూడ్డానికి ఒడ్డంతా తిరిగే ఓపిక నాకు లేదు. మంచెక్కి పీతల్ని చూస్తాను. మనిషి అడుగు పడితే పీతకి ఇరవై గజాల అవతల్నించే తెలిసిపోద్ది. బొరియలోకి దూరిపోద్ది. చంటిపిల్లాడు నడిచినా అంతే, కుక్క నడిచినా అంతే. అన్నీ బయటికొచ్చి ఒడ్డు పొడుగునా ఎర్రగా పరుచుకున్నాయంటే ఇసక మీద ఎవరూ లేనట్టు. ఆరేళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

ఆ ఆదివారం నాలుగింటికి నిడదవోలు నించి ఒక కారొచ్చింది. తల్లీ కొడుకూ. ఆవిడ ప్రిస్కిల్లాగారు, బళ్ళో టీచరు. నాలాగే భర్త పోయినావిడ. ఒక్కడే కొడుకు, ఇంట్లో ఇద్దరమే ఉంటామండి అని కారు దిగుతూనే చెప్పింది. కొడుకు పేరు విజయ్ పాల్. పాతికేళ్ళుంటాయి, పసుపు చొక్కా.

ఆవిడ తోటలో దుప్పటి పరుచుకుని కూచుంది. వాడు తిన్నగా తాడు దాటేసి, కొబ్బరిచిప్పతో బొరియలు తవ్వడం మొదలెట్టేడు.

"బాబూ, తాడు కనపళ్ళేదా?"

"కనపడింది ఆంటీ. వీడియోకి కాసిని చాలు. మళ్ళీ వదిలేస్తాగా."

"తవ్వితీసినవి బతకవు."

"ఇక్కడ లక్ష ఉన్నాయి. పది పోతే సముద్రం ఎండిపోద్దా?"

తోటలోంచి వాళ్ళమ్మ నవ్వింది. "మీరు మరీనండి. తినే పీతలు కూడా కావు. వాటికి కూడా కాపలానా?"

"మీ ఇల్లు తవ్వేసి మీవాణ్ణి పట్టుకుపోతే ఊరుకుంటారా టీచరుగారూ?"

"ఆంటీకి కోపమొచ్చింది! ఇది కూడా వీడియోలో పెడతా," అన్నాడు వాడు, ఫోను నా మొహమ్మీదికి పెట్టి.

చేగోడీల డబ్బా ఖాళీ చేసి అందులో పది పీతల్ని కుక్కేడు. మూత బిగించి ఎండలో పెట్టేసి స్నానానికి దిగేడు. నేను చూసుకుని మూత తీసేసరికి ఆరు చచ్చిపోయున్నాయి. మిగతా వాటిని ఇసక మీద వదిలేను. అటూ ఇటూ తిరిగేయి గానీ బొరియ వెతుక్కోలేదు.

ఆరింటికి విజిల్ ఊదేను. జనం వెళ్ళిపోయేరు. మంచెక్కేను. ఒడ్డు పొడుగునా పీతలే. ఎర్రగా.

"ఖాళీ అండి," అన్నాను ఫోన్లో.

"సరే నూకరత్నం, ఇంటికెళ్ళు," అన్నారు అప్పారావుగారు.

మంచె దిగేసరికి కింద టీచరుగారు నించుని ఉంది.

"ఏవండీ, మా వాడు ఇంకా రాలేదు."

ఇసక మీద ఎవరూ లేరు. అది పీతలు చెప్పేసేయి. ఇసక మీద లేడంటే ఇంకెక్కడుంటాడు? నీళ్ళలో. అప్పటికే ఖాళీ అని చెప్పేసేను.

గాలి ఆగిపోయింది. సరుగుడు తోట ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతానే ఉంటుంది, అది కూడా ఆగింది. మడ బురద వాసన వచ్చింది. మడ అడవి మాకు మూడు మైళ్ళు.

"అదిగో... వస్తున్నాడు," అంది ఆవిడ.

నిజమే. నీళ్ళ వైపు నించి వస్తున్నాడు. పసుపు చొక్కా. తాడు దాటి, పీతల మధ్యలోకి వచ్చేడు.

పీతలు దాక్కోలేదు.

ఇంకో అడుగేసేడు. ఒక్కటీ కదల్లేదు. వాడి కాలు ఒక పీత మీద పడింది. కాలు తీసేడు. పీత అక్కడే ఉంది... నలగలేదు... కళ్ళు నిక్కపొడుచుకుని ఎటో చూస్తంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"టీచరుగారూ... వెళ్ళకండి."

"ఏంటండి?"

"పీతల్ని చూడండి... మనిషైతే దాక్కోవాలి."

"పీతలేంటమ్మా! వదలండి!"

"అమ్మా," అన్నాడు వాడు. మెల్లగా. "ఆకలేస్తంది."

ఆవిడ విదిలించుకుని పరిగెత్తింది. ఆవిడ అడుగు పడగానే పీతలన్నీ ఒక్కసారి బొరియల్లోకి దూరిపోయేయి. ఆవిడ వాణ్ణి కావలించుకుని ఏడిచింది. వాడి చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి. కింద ఇసక మాత్రం పొడిగానే ఉంది.

కారుకి అడ్డం నించున్నాను. "దణ్ణం పెడతానండి. వీణ్ణి ఇంటికి తీసుకెళ్ళకండి."

"పీతలకున్న విలువ నా కొడుక్కి లేదా?" అంది.

కారు వాడే తోలేడు. నా పక్కనించి వెళ్తుంటే చూసేను. వాడు నన్ను చూళ్ళేదు.

అప్పారావుగారికి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఏమని చెయ్యను? మనిషొచ్చేడు, ఇంటికెళ్ళేడు.

నాలుగోనాడు పొద్దున్న కానిస్టేబుల్ సుధాకర్ వచ్చి పిలిచేడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర శవం కొట్టుకొచ్చిందంట. వెళ్ళేను. మా ఆయన వేటకెళ్ళి పోయినప్పుడు కూడా ఇలాగే పిలిచేరు. అప్పుడు మొలతాడు చూసి మా ఆయనేనని చెప్పేను. చెప్పడం కష్టమేం కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే.

మొహం లేదు. పసుపు చొక్కా ఉంది. జేబులో పర్సు, పర్సులో కార్డు, కార్డు మీద విజయ్ పాల్ అని పేరు, ఇంటి ఫోను నంబరు. సుధాకర్ ఫోన్ చేసి స్పీకర్లో పెట్టేడు.

"మా అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడండి," అంది టీచరుగారు. "పర్సు బీచిలో పోగొట్టుకున్నాడు."

"హమ్మయ్య. అయితే ఎవడో పర్సు కొట్టేసినోడు," అన్నాడు సుధాకర్.

"కాపలా ఆవిడ అక్కడున్నారా? ఒకసారి ఇవ్వండి."

స్పీకరు తీసేసి ఇచ్చేడు. ఫోను పట్టుకుని పక్కకొచ్చేను. ఆవిడ గొంతు బాగా తగ్గించింది.

"ఎడం మోచెయ్యి దగ్గర... కాలిన మచ్చ ఉందా?"

వెళ్ళి చొక్కా చెయ్యి పైకి లాగి చూసేను. "ఉందండి."

ఆవిడ అవతల తలుపు దగ్గరికేసిన చప్పుడు వినపడింది.

"చిన్నప్పుడు గంజి పడింది," అంది. "ఇక్కడ వీడికి లేదు."

"టీచరుగారూ..."

"ఎవరికీ చెప్పకండి. అక్కడే పూడ్పించెయ్యండి. మీకొచ్చిన దేవుడి మాట ఏదో ఒకటి చెప్పండి."

"మరి ఇంట్లో ఉన్నదేంటండి?"

"అన్నం తింటున్నాడు. అమ్మా అని పిలుస్తున్నాడు. నాకది చాలండి."

అప్పుడే ఫోన్లో ఆవిడ వెనకాల ఎవరో "అమ్మా" అన్నారు. వాడి గొంతే. ఆ వెంటనే ఇంకో గొంతు "అమ్మా" అంది. ఆడపిల్ల గొంతు. దాని వెనక ఇంకోటి... బాగా ముసలిది.

"వస్తున్నా," అంది టీచరుగారు అటు తిరిగి. "అందరికీ పెడతా, తొందరపడకండి."

ఫోన్ పెట్టేసింది.