ముందు ఇంజన్, వెనక ఇంజన్

తోడుగా వచ్చినదానికి బరువంతా అప్పగించవచ్చా? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా నాకు ప్రత్యూష గుర్తుకు వస్తుంది.

ఆ ఆదివారం ఉదయం బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరులో ప్రత్యూష మంచం అంచున కూర్చుని మోకాలు పట్టుకుంది. కీళ్ల జబ్బు తగ్గుముఖం పట్టి నెలలైంది. రిపబ్లిక్ డే పరేడ్‌లో స్కూలు జెండా తనే మోయాలి. ఇప్పుడు మోకాలు మళ్లీ వాచింది.

"ఏటే, మళ్లీ మోకాలు పట్టుకున్నావు?" అంటూ నాన్నమ్మ మంగాయమ్మ పెరుగు గిన్నె తెచ్చింది. డాక్టరుగారు కొత్తగా రాసిన పొడి అందులో కలిపింది. ఆ పొడిలో పొట్టకు మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయట. వారానికోసారి, ఆదివారం వేసుకునే మాత్రకు తోడుగా కొంత సాయపడవచ్చు, చూద్దాం అన్నారాయన.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన నాన్న పైడిరాజు కూతురి మోకాలు తడిమాడు. వేడిగా ఉంది. ఆయన లోకో పైలట్.

"ఆదివారం మాత్ర ఏసుకుంటన్నావా అమ్మా?"

"లేదు నాన్నా. పొడి వచ్చింది కదా! కొత్త ఇంజన్ తగిలిస్తే పాతది షెడ్‌కే కదా వెళ్తుంది?"

మంగాయమ్మ బుగ్గలు నొక్కుకుంది. "రైలోళ్ల పిల్లవనిపించుకున్నావే!"

పైడిరాజు నవ్వలేదు. "అచ్ఛా. భన్వర్‌టాంక్ ఘాట్‌లో గూడ్సు ఎత్తు ఎక్కలేకపోతే ఏటి సేస్తాం?"

"వెనక బ్యాంకర్ ఇంజన్ పెట్టి తోయిస్తారు."

"మరప్పుడు ముందు ఇంజన్‌ని షెడ్‌కి పంపేస్తామా?"

ఆ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. అది షెడ్‌కు వెళ్లిందని తను నిజంగా అనుకుందా? వెళ్లిపోతే బాగుండునని అనుకుందా? జవాబు తెలిసేసరికి చెవులు వేడెక్కాయి.

"నాన్నా, డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. నేనే చెప్తాను."

ఇంజన్ల మాటతో సహా అంతా చెప్పింది. కడుపులో తిప్పే సంగతి కూడా దాచలేదు. ఆయన కోప్పడలేదు. "ఆ మాట ముందే చెప్పాల్సింది, తల్లీ. దానికీ మందు ఉంది" అన్నారు. మాత్ర ఈ రోజే మొదలుపెట్టి, రేపు వచ్చి చూపించుకోమన్నారు.

"జెండా మొయ్యగలనా, డాక్టర్?"

"ఇంకా సమయముంది. రెండు ఇంజన్లలో ఏదీ ఆపకు."

ప్రత్యూష లేచింది. కుంటుతూనే అలమర దగ్గరికి వెళ్లి మాత్ర తీసి, గటగటా నీళ్లు తాగి మింగేసింది.

"ముందు ఇంజన్ రెడీ!"

తరువాత పెరుగు గిన్నె ఖాళీ చేసి, చెంచాను జెండాలా పైకెత్తింది.

"బ్యాంకర్ రెడీ! హారన్ కొట్టు, నాన్నా!"