చప్పిడి ముద్ద

మధ్యాహ్నం గంట మోగింది. తాయారు రుచితీగను నాలుక కింద సర్దుకుని కంచం ముందు కూర్చుంది. కంచంలో ఎప్పటి పోషకముద్దే, తడి సిమెంటు రంగులో. కొండ మీది మేడలో మృణాళిని గారు భోజనం మొదలుపెడితే ఆ రుచి తీగ వెంట ఈ నోట్లోకి వస్తుంది. నమిలేది ఈ ముద్దనే అయినా నాలుకకు తెలిసేది గుత్తివంకాయ, పులస పులుసు.

కాలనీలో అందరి తిండీ ఇంతే. ఒక్కో వరసకు కొండ మీద ఒక్కో వడ్డన ఇల్లు. తమ భోజనానికి ఎన్ని నాలుకలు ఎదురు చూస్తున్నాయన్నది అక్కడి వాళ్ళకు గొప్ప. ఎవరింటి రుచి తింటున్నామన్నది ఇక్కడి వాళ్ళకు గొప్ప. పెళ్ళిచూపుల్లో కూడా ముందు "మీది ఏ ఇల్లండీ?" అనే అడుగుతారు.

మృణాళిని గారింటి రుచిలో ఒక వింత ఉండేది. ప్రతి పూటా మొదట ఉప్పులేని పప్పన్నం ఒక్క ముద్ద వచ్చేది. ఆ తర్వాతే విందు. వరసలో వాళ్ళు విసుక్కుని, ఆ ముద్ద దాటాకే కంచంలో చెయ్యి పెట్టేవాళ్ళు. తాయారు మాత్రం దానితోనే మొదలుపెట్టేది. మంచం పట్టిన భర్తకు తినిపించే ముందు ఆవిడ వేడి చూస్తోందని ఆమె తొలినాళ్ళలోనే పోల్చుకుంది. తన భర్త పోయేదాకా తనూ అలాగే చేసింది. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో తెలియదు. అయినా ఎనిమిదేళ్ళుగా, ఒంటరి గదిలో పూటపూటా వచ్చే పలకరింపు ఆ చప్పిడి ముద్దే.

ఈ పూట ముద్ద రాలేదు. విందూ రాలేదు. మరునాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. గోడ మీద మాత్రం ఒక ప్రకటన వెలిగింది: సాంకేతిక విరామం, కోరినవారు వేరే ఇంటికి మారవచ్చు.

పక్క గది రమీజా వెంటనే మారిపోయింది.

"హోటళ్ళ ఆయన ఇల్లక్కా. పొద్దున్నే నెయ్యి కారే పెసరట్టు. నువ్వూ వచ్చెయ్. ఎన్నాళ్ళని ఆ మట్టి నములుతావ్?"

"వాళ్ళాయన పోయాడే రమీజా."

"ఎవరు చెప్పారు నీకు?"

"మొదటి ముద్ద రాలేదుగా. అప్పట్నించీ ఆవిడ ఏమీ తినలేదు."

"ఆవిడకేం, అరడజను మంది వంటవాళ్ళు."

"వండేవాళ్ళుంటే సరిపోతుందా? చావింట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్ళే పట్టుకెళ్ళి, దగ్గర కూర్చుని తినిపించాలి."

"నువ్వావిడకి పొరుగా అక్కా?" అని రమీజా నవ్వింది. నవ్వి, అటక మీంచి వాళ్ళమ్మ కాలం నాటి పొయ్యి దించి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే తాయారు పాత సరుకుల కొట్లో బియ్యం, కందిపప్పు, ఉప్పు కొంది. కొండ మీద ఆవిడ ఒక్క మెతుకు తిన్నా తెలియాలని వండేటప్పుడు కూడా తీగ తీయలేదు. తీగ ఉన్న నాలుకకు ఎదుట ఉన్న వంట రుచి తెలియదు. చేతి అలవాటునే నమ్ముకుని వండి, కేరియర్ పట్టుకుని కొండెక్కే బస్సు ఎక్కింది.

గేటు దగ్గర కాపలా అతను అడ్డంగా నిలబడ్డాడు.

"బయటి తిండి లోపలికి పోదమ్మా."

"చావింటికి తెచ్చింది బయటి తిండి కాదు బాబూ."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదే. మీకెలా తెలిసింది?"

తాయారు కేరియర్ ముందుకు చాపింది. అతను కాసేపు దాన్నే చూసి అందుకున్నాడు.

"ఎవరు తెచ్చారని చెప్పమంటారు?"

"పొరుగావిడని చెప్పు."

గదికి తిరిగొచ్చేసరికి పొయ్యి పక్కన ఉప్పు పొట్లం కట్టినది కట్టినట్టే ఉంది.

తాయారు దాన్ని చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది. ఎనిమిదేళ్ళ తర్వాత పొయ్యి వెలిగించి, ఒక ఆడమనిషి దుఃఖంలో ఉంటే ఉప్పులేని పప్పు పంపింది. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి పక్క గది తలుపు తట్టింది. రమీజా నోట్లో కొత్త ఇంటి భోజనం నడుస్తోంది. కళ్ళు మూసుకునే, తర్వాత రమ్మని చెయ్యి ఊపింది.

గంట మోగి చాలాసేపయింది. వరసంతా తిని లేచింది. తాయారు కంచం ముందు ఒక్కతే కూర్చుని ఉంది.

అప్పుడు నాలుక మీద ఏదో కదిలింది. చల్లారిన పప్పన్నం. చప్పిడి ముద్ద.

ఆమె కదలకుండా కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ ముద్ద వెనక రెండోది ఎప్పుడూ రాలేదు. మిగతాదంతా ఆయనకు వెళ్ళేది. ఈరోజు రెండో ముద్ద వచ్చింది. చాలాసేపు ఆగి, మూడోది వచ్చింది. ఆ తర్వాత వచ్చినదానికి ఉప్పు తగిలింది.

అది ఏ పొట్లంలోంచీ వచ్చిన ఉప్పు కాదు.

తాయారు తన కంచం దగ్గరకు లాక్కుని, ఆవిడతో పాటు మెల్లగా నమలసాగింది.