యాడికి

సూర్యాపేటలో ఆ కిరాయి ఇంట్లో అందరికన్నా ముందు లేచేది మోతీబాయి. లేచి స్టవ్వు ముట్టించి చాయ్ పెట్టేది. ఆ రోజూ పెట్టింది. కొడుకు జవహర్ ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి గ్లాసు అందుకున్నాడు. అతను బస్సు కండక్టరు. పేట నుంచి మిర్యాలగూడకు, మళ్లీ పేటకు, ఒక్కోరోజు కోదాడకు తిరగడమే అతని బతుకు. పొద్దంతా జనాన్ని "యాడికి, యాడికి" అని అడిగీ అడిగీ, ఇంట్లో ఎవరైనా చెప్పులేసుకున్నా నోట్లోంచి ముందు అదే మాట వచ్చేది.

"యాడికి?" అన్నాడు భార్యను చూసి.

గౌరీబాయి చెప్పులు వేసుకోలేదు. కిటికీ దగ్గర పీట మీద కూర్చుని టేప్ రికార్డర్‌లో సెల్లులు వేస్తోంది.

"యాడికి లేదు. ఇయ్యాల ఇంట్లనే పని. అత్తమ్మతోటి కథ చెప్పించి క్యాసెట్ల ఎక్కించుకోవాలె."

"ఏ భాషల?"

"కథ ఏ భాషల ఉంటె గా భాషల."

జవహర్ గ్లాసు కింద పెట్టాడు. "ఈ ఇంట్ల తెలుగే అని ఒకసారి అనుకున్నంక మళ్ల ముచ్చట లేదు. అమ్మా, నువ్వు గూడ ఇను."

మోతీబాయి తల ఊపింది. ఆ ఇంట్లో ఆమె ఎక్కువగా చేసే పని అదే.

కూతురు సాలి పుట్టిన ఏడు జవహర్ తండా వదిలి పేటలో కాపురం పెట్టాడు. పెట్టినప్పుడే రూలు పెట్టాడు. పిల్ల చెవిన తండా మాట పడకూడదు. తల్లి అద్దాల లంగా ట్రంకు పెట్టెలోకి పోయింది, నేత చీర ఒంటి మీదికి వచ్చింది. చిన్నప్పటి నుంచి "యాడీ" అని పిలిచినవాడు "అమ్మా" అనడం మొదలుపెట్టాడు. లంబాడీ భాషలో యాడి అంటే అమ్మే కదా, ఏ మాటయితే ఏమిటని సర్దుకుంది మోతీబాయి. కానీ తండాలో ఆమె ముచ్చట మొదలుపెడితే పక్క ఇళ్ల వాళ్లు పొయ్యి మీద కూర మాడబెట్టుకునేవారు. అంతటి మనిషి పేటకొచ్చి "ఆఁ", "సరే", "తిన్న" అనే మూడు మాటల మనిషి అయిపోయింది. పెద్దతనం కదా అనుకున్నాడు కొడుకు. మనకు పనికొచ్చే కారణం దొరికితే ఇంకో కారణం ఎవరు వెతుకుతారు?

గౌరి స్కూలు టీచరు. బీఈడీ చాలదని సెలవు పెట్టి హైదరాబాద్‌లో ఎమ్మెడ్ చేస్తోంది. ఉద్యోగం ఉండగా మళ్లీ ఈ చదువేమిటని అడగని చుట్టం లేడు. "పిల్లలకు సదువు ఎందుకు వస్తలేదో ఎర్క చేసుకోనీకి" అనేది నవ్వుతూ. పిల్ల మనసు ఎట్లా నేర్చుకుంటుందో చెప్పేది ఒక సబ్జెక్టు, టేపుతోనూ బొమ్మలతోనూ ఎట్లా నేర్పాలో చెప్పేది ఇంకోటి. రెండూ ఆమెకు ప్రాణం.

పరిశోధన కోసం ఆమె ఎంచుకున్నది గరిడేపల్లి దాటాక వచ్చే అత్తగారి తండానే. అక్కడి బడిలో ఒకటో తరగతి వెనక కూర్చుని చూసింది. సారు ఒక పిల్లవాణ్ణి "పలక యాడ పెట్టినవ్ రా?" అని అడిగాడు. వాడు వెంటనే వాకిలి వైపు చూశాడు. పక్కవాడూ చూశాడు. వాళ్ల చెవికి వినబడింది యాడి. వాళ్ల యాడీలు పొద్దున్నే నాట్లకు పోయారు. "మొద్దులు, ఏం అడిగినా బయటికే సూస్తరు" అన్నాడు సారు. చెడ్డవాడు కాదు పాపం, ఆ భాష రాదంతే. గౌరికి ముందు నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లొచ్చాయి. ఇంటి భాషలో మొదలై తెలుగులోకి నడిపించే పాఠాలు టేపు మీద తయారు చేస్తానని ఆ రోజే తీర్మానించుకుంది. ఉగాది లోపల క్యాసెట్లు తెస్తేనే పరిశోధన ముందుకు పోతుందని గైడు సారు చెప్పాడు. లేకపోతే ఇన్నాళ్ల హాస్టలు బతుకూ, పిల్లను అత్తకు వదిలి ఉన్న బాధా గంగలో పోసినట్టే. పిల్లలు నమ్మి వినాలంటే గొంతు ఒక ముసలమ్మది కావాలి. మోతీబాయిని మించిన గొంతు ఎక్కడ దొరుకుతుంది?

అందుకే జవహర్ డ్యూటీకి పోగానే గౌరి టేపు నొక్కింది. మోతీబాయి మొదట వాకిలి వైపు చూసింది, తర్వాత కోడలి వైపు చూసింది. నెమ్మదిగా నోరు తెరిచింది. ఇక ఆగలేదు. మధ్యాహ్నం దాటాక ఇంటి యజమానురాలు జానమ్మ కూడా వచ్చి గడప మీద కూర్చుంది. ఆమెది కోదాడ, పెద్ద దవాఖానలో నర్సు. ఎవరినైనా పలకరించకుండా పోవడం ఆమె వల్ల కాదు.

సాయంత్రం జవహర్ వచ్చేసరికి ఇంట్లో సభ నిండుగా ఉంది.

"రావయ్యా జవహరూ. మీ అమ్మగారి దగ్గర ఇన్ని కథలున్నాయని చెప్పలేదేం? నాకు ముక్క అర్థం కాకపోయినా మేకపిల్ల ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చిందంటే నమ్ము" అంది జానమ్మ.

జవహర్ నవ్వాడు. ఆమె లేచి వెళ్లేదాకా ఆ నవ్వును అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంటోళ్ల ముంగట మా అమ్మను ఆట ఆడిస్తున్నవా?" అన్నాడు తర్వాత.

"ఆట గాదు, పాఠం" అంది గౌరి.

"తండా పాఠం. గాడికెళ్లి ఈడిదాక రానీకి నేను ఎంత గోస పడ్డనో నీకేం ఎర్క?"

"చెప్తె ఎర్కయితది. ఎన్నడన్న చెప్పినవా?"

"నువ్వు సదివిన సైకాలజీ ఇంట్ల మనిషి మీద చూపియ్యకు."

"ఇంట్ల మనిషి మీద పన్జెయ్యని సైకాలజీ బయట ఎవలకు పనికొస్తది?" గౌరి గొంతు పెంచలేదు. "జర కూసొని ఇను. ఇది మొదటి పాఠం. మేకపిల్ల తప్పిపోయి కనబడ్డోళ్లనల్ల 'యాడి యాడ?' అని అడుగుతది. యాడి అంటె మన దాంట్ల అమ్మ, తెలుగుల యాడ అంటె..."

ఆమె మాట పూర్తి కాలేదు. ఆ మాట వినగానే జవహర్ ముఖం నల్లబడింది. వంగి క్యాసెట్ ఊడబీకాడు. వేలు పెట్టి రీలు గుంజాడు. గోధుమరంగు రీలు నేల మీద కుప్ప పడింది. సాలి బెదిరిపోయి నానమ్మ వెనక్కి పోయింది.

అప్పుడు నోరు తెరిచింది మోతీబాయే.

"బిడ్డా, గా డబ్బల ఉన్నది నా నోరు. గుంజి అవతల పారేస్తివి. ఇగ నాకు ఈడ పనేమున్నది? నేను తండకు పోత. గాడ నా మాట నాకు ఉంటది."

"అమ్మా, నిన్ను నేనేమన్న అన్ననా?"

"నన్ను అనలె. నా మాటను అన్నవ్. రెండు ఒకటే బిడ్డా."

గౌరి రీలు ఎత్తి పెన్సిలుతో చుట్టడం మొదలుపెట్టింది. అది అక్కడక్కడ ముడతలు పడింది, ఇక పాటకూ పాఠానికీ పనికిరాదు. "రేపు నేను గూడ అత్తమ్మతోని పోత" అంది తల ఎత్తకుండా. "ఈడ వద్దంటె గాడ చెప్పిస్త. నాకు కోపం లేదు. గని మొదలువెట్టిన సదువు నడిమిట్ల ఇడిచిపెట్టుడు మాత్రం నా తోని గాదు."

తెల్లవారి జవహర్ ఎవరికీ చెప్పకుండా డిపోకు పోయాడు. మోతీబాయి ట్రంకు పెట్టె తెరిచి అద్దాల లంగా తీసి కట్టుకుంది, తల మీదుగా పాత పైట కప్పుకుంది. సాలి ఆ అద్దాల్లో తన ముఖం చూసుకుని మురిసిపోయింది. గౌరి వాళ్లిద్దరినీ బస్టాండుకు తీసుకుపోయి ఒక బస్సును వదిలేసి రెండో బస్సు ఎక్కించింది. ఏ బస్సో ఆమెకు బాగా తెలుసు. తెలియనిది మోతీబాయికే.

బస్సు కిక్కిరిసి ఉంది. గౌరికీ సాలికీ ముందు సీటు దొరికింది, మోతీబాయికి వెనక కిటికీ పక్కన, తండా ఆడవాళ్ల మధ్య చోటు దొరికింది. జవహర్ వెనక నుంచి టికెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. తన బస్సులో తండావాళ్లు ఎక్కితే అతనికో అలవాటుంది. వాళ్ల ముఖం చూడడు. చూస్తే ఎవరో ఒకరు "నువ్వు మోతీబాయి కొడుకువు గదా" అంటారని భయం. చూపు టికెట్ల కట్ట మీద పెట్టి తెలుగులో అడిగి, చింపి ఇచ్చేసేవాడు.

"యాడికి?" అన్నాడు అద్దాల లంగా దగ్గర ఆగి.

కిటికీ బయట కాలువ కింద నాట్లు చూస్తున్న మోతీబాయి గిరుక్కున తిరిగింది. ఆమె ముఖమంతా వెలిగిపోయింది.

"కాయి, బేటా?" అంది. ఏంది బిడ్డా, అని. "పిలిచినవా?"

జవహర్ తల ఎత్తాడు. ఎదురుగా తల్లి. కన్నతల్లి తన బట్టలు తాను కట్టుకుంటే కొడుకు గుర్తుపట్టలేదు. ఏదో ఒక తండా మనిషి అనుకున్నాడు. పక్కవాళ్లు చిల్లర చాస్తున్నా అతనికి కనబడలేదు.

కొడుకు చేతిలోని టికెట్ల కట్ట చూసింది మోతీబాయి. సంగతి అర్థమైంది. వెలుగు నెమ్మదిగా ముఖంలోంచి దిగిపోయింది. పైట సర్దుకుని తెలుగులో, అణకువగా, పరాయి కండక్టరుకు చెప్పినట్టే చెప్పింది.

"టికెట్టా? తండ స్టేజి, బిడ్డా."

కొడుకును కూలగొట్టింది ఆ మాటే. మధ్యలో ఏదో స్టేజి వచ్చి జనం దిగారు, ఎక్కారు, బస్సు కదలదు. విజిల్ నోటి దాకా పోయింది కానీ మోగలేదు.

"జవహరూ, రైట్ అంటవా, నన్ను దిగి నెట్టమంటవా?" అని అరిచాడు డ్రైవరు ముత్తయ్య. బస్సంతా నవ్వింది.

జవహర్ తల్లి సీటు పక్కన వంగాడు. "యాడీ" అన్నాడు. "అడిగింది టికెట్టుకే యాడీ. గని నిన్ను ఎప్పుడో పిలువాల్సి ఉండె." కన్నీళ్లు ఖాకీ చొక్కా మీద కారకముందే మోతీబాయి కొడుకు చెంపలు రెండూ తన పైటతో తుడిచింది.

ముందుకు వచ్చాక గౌరి సీటు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఎన్నడూ చెప్పనిది అప్పుడు చెప్పాడు.

"ఒకటో తరగతిల సారు 'నిన్న యాడికి పోయినవ్ రా' అన్నడు. నాకు యాడి అనే ఇనబడ్డది. మా అమ్మ నాటుకు పోయింది సారూ అన్న. క్లాసంత నవ్విండ్రు. సారు గూడ నవ్విండు. గప్పటిసంది నా పేరు జవహర్ గాదు, యాడిగాడు. బడి ఇడిచేదాక గదే పేరు. గా మాట నా బిడ్డకు రావద్దనుకున్న. నా నసీబు సూడు, పొద్దుందాక గదే మాట అనే నౌకరి దొరికె."

గౌరి చదివిన పుస్తకాల్లో ఇట్లాంటి దెబ్బకు పెద్ద పెద్ద పేర్లున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. కడ్డీ మీద ఉన్న అతని చేతిని పట్టుకుంది.

"నువ్వు తప్పు చెప్పలె. సారుకు నీ మాట ఎర్క లేదు, నీకు సారు మాట ఎర్క లేదు. నడుమ దాటిచ్చే మనిషి ఒకడుంటె అయిపోతుండె."

జవహర్ ముక్కు తుడుచుకున్నాడు. "దాటిచ్చుడే గదా కండక్టర్ పని" అన్నాడు. "నా ఆఫ్ రోజు వస్త. నేను గుంజిన క్యాసెట్ నేనే మళ్ల చేపిస్త."

చెప్పినట్టే వచ్చాడు, జేబులో విజిల్‌తో సహా. మోతీబాయి గుడిసె ముందు, కోళ్ల కేకల మధ్య మొదటి పాఠం మళ్లీ తయారైంది. పేటకు ఎప్పుడొస్తావని కొడుకు బతిమాలితే మోతీబాయి కాసేపు బెట్టు చేసి, "ఈ డబ్బ పని కానియ్. వస్త. జానమ్మకు మేకపిల్ల కథ సగమే చెప్పిన" అంది. ఈసారి ఆ మాట ఆమె తన భాషలోనే అంది.

మరునాడు బడిలో గౌరి టేపు నొక్కింది. ముందు విజిల్ మోగింది. "రైట్ రైట్" అన్న కండక్టరు గొంతు వినగానే పిల్లలు నిటారుగా కూర్చున్నారు. తప్పిపోయిన మేకపిల్ల బస్సెక్కింది. "యాడికి?" అన్నాడు కండక్టరు. మేకపిల్ల గబుక్కున లేచి "మా యాడి ఏది, యాడ ఉన్నది?" అంది. అప్పుడు మోతీబాయి గొంతు వచ్చి, యాడి అంటే ఎవరో, యాడికి అంటే ఏమిటో పిల్లల భాషలో విడమరిచి, అదే మళ్లీ తెలుగులో చెప్పింది. పిల్లలు ఒక్కసారిగా పకపకా నవ్వారు. సారు కూడా నవ్వి, "యాడి అంటె అమ్మనా? నాకు గిది ఎవలు చెప్పలె" అని ఆ మాటను రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత గౌరి "పలక యాడ?" అని అడిగితే, ఒక్కరూ వాకిలి వైపు చూడలేదు. అందరూ పలకలు ఎత్తి పట్టుకున్నారు.

బడి గోడ బయట ఎండలో నిలబడి జవహర్ ఆ నవ్వు విన్నాడు. ఆ మాటకు ఒకటో తరగతి నవ్వడం అతను వినడం ఇది రెండోసారి. ఈసారి తనకూ నవ్వొచ్చింది, కళ్లు తడిసినా నవ్వొచ్చింది. డ్యూటీకి ఇంకా వేళ కాలేదు. గుడిసె వైపు నడవబోతుంటే బడి మెట్ల మీద ఆడుకుంటున్న సాలి అడ్డం వచ్చి, అచ్చం తండ్రి బస్సులో అడిగినట్టే చెయ్యి చాచి అడిగింది.

"నాయినా, యాడికి?"

"యాడి దగ్గరికి" అన్నాడు జవహర్.