నాలుగో పాఠానికి మరమ్మతు

"సార్, ఈ వీడియో తెరుచుకోదు సార్!"

బయట వాన. ఆదోని బడిలో పదో తరగతి పిల్లలంతా కంప్యూటర్ ముందు గుమిగూడారు. సుధీంద్ర తొంగిచూసి అలాగే నిలబడిపోయాడు. తెర మీదున్నది తన పుస్తకమే! బి.ఇడి. రోజుల్లో తనూ, తోటి విద్యార్థిని కృతీ కలిసి రాసి, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు అంటూ నెట్‌లో పెట్టిన ఫిజిక్స్ పుస్తకం.

ఐదేళ్ళు అనంతపురం కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పి, జూన్‌లోనే ఈ బడికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దాన్ని తెరవలేదు. తెరిస్తే కృతి గుర్తొస్తుందని భయం.

నాలుగో పాఠం, కాంతి వక్రీభవనం. నీళ్ళ అడుగు పైకి తేలినట్టు కనబడుతుందని చెప్పడానికి అప్పట్లో తను స్విమ్మింగ్ పూల్ గురించి రాశాడు. ఇప్పుడక్కడ ఇత్తడి గంగాళం, దాని అడుగున రూపాయి బిళ్ళ ఉన్నాయి. పూల్ ఎన్నడూ చూడని పిల్లల కోసం కృతి మార్చింది. బొమ్మలు కొత్తవి. లెక్కల్లో తప్పులు పోయాయి. పేజీ అడుగున మాత్రం రెండు ముక్కలు: "ఒక్కదాన్నే చూసుకోలేకపోతున్నాను. దసరా తర్వాత ఈ పుస్తకంలో మార్పులుండవు. కృతి, ఎమ్మిగనూరు హైస్కూలు."

ఆ రోజులు గుర్తొచ్చాయి. కోట కొండ కింద హోటల్, వేడివేడి ఉగ్గాని, బజ్జి, ఇద్దరికీ కలిపి ఒకే ల్యాప్‌టాప్. జల్లు కొడితే తన చున్నీ తీసి ల్యాప్‌టాప్ మీద కప్పేది కృతి.

"నేను తడిసినా పర్వాలేదా?" అనేవాడు.

"నువ్వు తడిస్తే ఆరతావు. అది ఆరదప్పా!"

శనివారం బడి వదలగానే సుధీంద్ర ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

కృతి బడి వరండాలో పేపర్లు దిద్దుకుంటోంది. "ఎవరు గావాల?" అంది తల ఎత్తకుండానే.

"నాలుగో పాఠంలో వీడియో తెరుచుకోల్యా. కంప్లైంట్ ఇద్దామని వచ్చినా."

పెన్ను ఆగింది. అవే కళ్ళు. ఒక్క క్షణం మెరిసి, వెంటనే ముడుచుకున్నాయి.

"ఇన్నేండ్లకు వచ్చినావా కంప్లైంట్ ఇచ్చేదానికి? ఆ వీడియో పెట్టినోళ్ళే తీసేసినారు. ఇంగ కొత్త వీడియో మనమే తీయల్ల. ఒక చేత్తో నీళ్ళు పోసి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుంటే నేను యాడ నిలబడల్ల?"

"అందుకని పుస్తకాన్నే వదిలేస్తావా?"

"ముందు వదిలింది ఎవరు? నెట్‌లో పెట్టిన రోజే 'పనైపాయె, ఇంగ మనకేం పని కృతీ' అని బస్సెక్కి పోయింది ఎవరు?"

"అది... నువ్వు 'ఇంగా ఉంది, పోవద్దు' అంటావేమోనని అడిగినా."

కృతి తెల్లబోయింది. "అడిగినావా? ప్రశ్నయితే ప్రశ్న మాదిరి అడగల్ల గదా సుధీ! నేనేమో నువ్వు నాకు టాటా చెప్పినావనుకున్నా. నువ్వు పోయినాక ఈ పుస్తకమొక్కటే మిగిలిందని, చెడిపోకుండా చూసుకుంటా వచ్చినా."

సుధీంద్ర దగ్గరికి జరిగాడు.

"అయితే ఇప్పుడు సక్కంగా అడుగుతాండా. నాతో ఉంటావా కృతీ?"

వాన జోరందుకుంది. కృతి కళ్ళు తుడుచుకుని, పక్కకు తిరిగి నవ్వింది.

"ఉంటా. ఫస్టు ల్యాబ్‌లో గంగాళం ఉంది, తీసుకొని రా."

అతను నీళ్ళు పోశాడు, ఆమె ఫోన్ పట్టుకుంది.

"నీళ్ళు పోసే చెయ్యి వణికిస్తాండావు. రూపాయి యాడుందో తెలీడంల్యా!"

"నువ్వు అట్ల చూడకుంటే వణకదు."

వీడియోలో ఇద్దరి నవ్వూ పడింది. కృతి దాన్ని కత్తిరించలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ కృతి ఇంట్లో ఒక్కో పాఠం బాగుపడింది. కొత్త వీడియో చూసి ఆలూరు నుంచి షబానా టీచర్ తప్పులు పట్టి పంపేది. హాలహర్వి టీచర్ ఒకాయన కన్నడ మాట్లాడే పిల్లల కోసం కష్టమైన పదాలకు అర్థాలు చేర్చాడు. దసరా వెళ్ళిపోయింది, పుస్తకం ఆగలేదు.

కార్తీకంలో ఒక ఆదివారం, కాఫీ గ్లాసు అందిస్తూ కృతి తల్లి అంబాబాయి అడిగింది.

"వారం వారం వస్తాండావు నాయనా. ఈతూరి మీ అమ్మను గూడా పిల్చుకొని రాకూడదూ?"

సుధీంద్రకు పొలమారింది. కృతి ల్యాప్‌టాప్ మూసేసి లోపలికి పరుగెత్తింది.

వసారాలో కృతి తండ్రి మధుసూదనరావు కళ్ళజోడు సవరించుకుని, "ఒసే, ఆ పంచాంగం ఇట్ల అందుకో" అన్నాడు భార్యతో.

ఆదోని బస్సులో ఆ సాయంత్రం సీటు దొరకలేదు. సుధీంద్ర దారంతా నిలబడే నవ్వుకుంటూ పోయాడు.