చింతామణికి రాని మేష్ట్రు

"మేష్ట్రూ! పెద్దలు చెప్పినారని ఏదీ నమ్మొద్దంటాండారు. మరి మీరు చెప్పింది మాత్రం యాల నమ్మాల?"

చింతామణి ఊరి స్కూలు ఆవరణలో ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చిన ఆ ప్రశ్నకు జనం గొల్లుమన్నారు. అడిగింది పంకజ, గుడి అర్చకులు అశ్వత్థనారాయణ కూతురు. ఉపన్యాసం ఇస్తున్న కేశవమూర్తికీ నవ్వొచ్చింది. అతను చిక్కబళ్ళాపురం హైస్కూల్లో సైన్సు మేష్ట్రు. ఆదివారాలు ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసేవాడు.

"నమ్మొద్దు. వచ్చి చూడండి," అని మైక్రోస్కోపు ముందుకు జరిపాడు.

పంకజ ఒక కన్ను మూసి చూసింది. నీటిబొట్టులో ఏవేవో మెదులుతున్నాయి.

"ఇవి యాడ నీళ్ళు?"

"మీ వీధి బావివే."

"అయ్యో, పొద్దున చెంబుడు తాగితినే!"

"రేపట్నించి మరగబెట్టి తాగండి. నా మీద మాత్రం కోపం పెట్టుకోవద్దు."

ఆ తర్వాత నెలకోసారి వచ్చాడు. గ్రహణాల గురించి చెప్పాడు, పాత శాసనాల గురించి చెప్పాడు. మొదలుపెట్టే ముందు ఒకసారి ఆడవాళ్ళ వైపు చూసేవాడు. ఆ చూపు కోసమే పంకజ ముందు వరుసలో కూర్చునేది.

ఐదో నెల అతను రాలేదు. ఆరో నెలా రాలేదు. బాగేపల్లిలో మాట్లాడాడట, మండికల్లో మాట్లాడాడట అన్న కబుర్లు మాత్రం వచ్చేవి. అన్ని ఊళ్ళకూ ఉన్న దారి చింతామణికే లేకపోయిందా? వానలు పట్టాయి. ఆదివారం వస్తే పంకజ ఏదో పని కల్పించుకుని స్కూలు గోడ పక్కగా నడిచి వచ్చేది. ఖాళీ ఆవరణలో నీళ్ళు నిలిచి ఉండేవి. ఇంట్లో బావినీళ్ళు మరగబెడుతూ కూర్చుంటే ఆ మనిషి నవ్వు చెవుల్లో మోగేది.

ఒకనాడు అవ్వ అక్కయమ్మ ఉండబట్టలేక చెప్పేసింది.

"యాల ఎదురుచూస్తావే పిచ్చిదానా? ఆ అబ్బి నిన్ను పెండ్లికి అడగను వచ్చినాడు. మీ నాయనే పంపించేసినాడు. తీర్థమిచ్చే నీళ్ళలో పురుగులుండాయనేవానికి బిడ్డనిస్తానా అన్నాడు."

పంకజ పోయి తండ్రి ముందు నిలబడింది. "నన్నొక మాట అడగకపోతివే నాయనా!" అంది.

ఆయనకు ఆ పూట ముద్ద దిగలేదు. అప్పటికే ఆ వానల్లో వీధిలో కలరా వచ్చి, పక్కింట్లో ఇద్దరు పోయి ఉన్నారు. మరునాడు పూజ ముగించి వచ్చి కూతుర్ని పిలిచాడు.

"ఆ రోగం మన గడప తొక్కలేదు. నువ్వు మరగబెట్టిన నీళ్ళే కాచినాయమ్మా. నాకు తెలిసే ఉండాది, ఒప్పుకోను మనసు రాలేదు. ఈ ఆదివారం బాగేపల్లిలో మాట్లాడతాడంట. పోదాం పద."

బాగేపల్లిలో కేశవమూర్తి పిడుగుల గురించి చెబుతున్నాడు. వెనక తడిసి నిలబడ్డ తండ్రీకూతుళ్ళను చూసి మాట మధ్యలో తడబడ్డాడు. సభ ముగియగానే పరుగున వచ్చాడు.

"తప్పు నాదప్పా," అన్నాడు అశ్వత్థనారాయణ. "బిడ్డ మనసు కనుక్కోకుండా నిన్ను పంపించేస్తిని. ఇప్పుడు దాన్నే అడుగు."

అని, బస్సు దగ్గరికి వెళ్ళిపోయాడు. యుద్ధం మూలంగా పెట్రోలు దొరకని రోజులవి. బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనకున్న బొగ్గుల పొయ్యి రాజుకోవడానికి డ్రైవరు గాలి కొట్టే చక్రాన్ని పిడి పట్టి తిప్పుతున్నాడు.

వాళ్ళిద్దరూ స్కూలు చూరు కింద మిగిలారు.

"చింతామణి దోవ మరిచిపోతిరా?" అంది పంకజ.

"రానని మీ నాయనకు మాటిచ్చినాను. యా ఊర్లో నిలబడి మాట్లాడినా నిన్నే వెతుక్కుంటాంటి."

మొదటిసారి 'నిన్ను' అన్నాడు. ఆమె తల దించుకుంది.

"నాయన అడగమన్నాడు కదా. మరి అడగండి."

అడిగాడు. వాన చప్పుడులో ఆ మాట ఆమెకొక్కదానికే వినబడింది. "ఊఁ," అన్న జవాబు అతనికి మాత్రమే వినబడింది.

అవతల అశ్వత్థనారాయణ డ్రైవరు చేతిలోంచి పిడి అందుకుని, వాళ్ళకు వీపు పెట్టి చక్రం తిప్పుతున్నాడు.

"స్వామీ, రాజుకునింది. చాలు, ఎక్కండి," అన్నాడు డ్రైవరు.

"ఉండప్పా, ఇంకొంచేపు తిప్పుతాను," అన్నాడాయన.