దుప్పటి మీద ఇరవై రెండు

ఏడో నంబరు మీద కిరీటం వేయడం పూర్తయ్యేసరికి మార్నీ ముక్కుకి కూడా పసుపు రంగు అంటుకుంది.

"కిరీటం ఏడుకా, నీ ముక్కుకా అక్కా?" అన్నాడు తమ్ముడు గస్.

"నోరు మూసుకుని ఆ కొస పట్టుకోరా. గాలికి లేచిపోతోంది."

చర్చి వెనక గడ్డి మీద పరిచిన పాత తెల్ల దుప్పటి అది. చుట్టూ కార్లు డిక్కీలు తెరుచుకుని వరసగా నిలబడి ఉన్నాయి. ప్రతి కారు వెనకా ఒక పొయ్యి, పొయ్యి మీద ఒక గిన్నె. శనివారం వార్డెల్ కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఉందంటే మా ఊళ్ళో ఇంట్లో వండుకునేవాళ్ళు ఉండరు. ఇక్కడే వండుకుని, ఇక్కడే తిని, మధ్యాహ్నం ఎదురుగా ఉన్న స్టేడియంలోకి వెళ్తారు. మా నెబ్రాస్కాలో నవంబరు గాలికి జాలీ దయా లేవు. టోపీ తలమీద ఉందనుకుంటాం, చూస్తే పక్క కారు కింద ఉంటుంది.

ఆ రోజు ఈ ఏటికి మా ఊళ్ళో ఆఖరి ఆట. మార్కెల్ ప్రెంటిస్‌కి కూడా మా ఊళ్ళో అదే ఆఖరి ఆట. ఏడో నంబరు చొక్కా అతనిదే. బంతిని చంకలో ఇరికించుకుని అతను పరుగు తీశాడంటే పట్టుకునేవాడు లేడు. నాలుగేళ్ళూ ఆడాడు, వచ్చే ఏడు ఉండడు.

ఆటకు ముందు ఆటగాళ్ళు బస్సు దిగి, రెండు తాళ్ళ మధ్య నుంచి స్టేడియంలోకి నడుస్తారు. తాడు దగ్గర నిలబడ్డ పిల్లలు చేతులు చాస్తే, చప్‌మని చెయ్యి కొట్టి వెళ్తారు. ప్రెంటిస్ చెయ్యి తన చేతికి తగలాలని మార్నీ కోరిక. ఒకసారి ఎవరో లావుపాటాయన మోచెయ్యి అడ్డొచ్చింది. ఇంకోసారి సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చి కళ్ళు మూసుకుపోయాయి. ఈరోజు తప్పితే ఇంక లేదు. అందుకే పొద్దున్నే తాడు దగ్గర బకెట్ బోర్లించి చోటు పట్టుకుంది. దుప్పటిని గస్, పక్క కారువాళ్ళ పిల్ల పట్టుకుంటారు. అది చూసి ప్రెంటిస్ ఆగుతాడు. ఖాళీ చేతులతో మార్నీ ముందుంటుంది. పథకం అదీ.

దుప్పటికి ఎడమవైపు పెద్ద 7, నెత్తిన కిరీటం, కింద ఎర్రగా 4,112 అని ప్రెంటిస్ పరుగెత్తిన గజాల లెక్క. కుడివైపు 22, కింద 1,806. దాని పక్కన ఒక తాబేలు.

ఇరవై రెండు లోయల్ స్టెండర్ నంబరు. ఎప్పుడో కొరియా యుద్ధం ముగిసిన రోజుల్లో ఆడినాయన. ఆ నంబరు తర్వాత ఇంకెవరికీ ఇవ్వలేదు. స్టేడియం గోడ మీద ఉంటుంది. ప్రతి శనివారం పెద్దవాళ్ళు గిన్నెలు చల్లారిపోయేదాకా "స్టెండరే గొప్ప", "కాదు ప్రెంటిసే" అని వాదించుకుంటారు. ఇంత చిన్న లెక్కకి అంత గొడవేమిటని మార్నీకి విసుగు. అందుకే ఆటల పుస్తకంలోంచి అంకెలు తీసి దుప్పటికెక్కించింది.

"ఆ తాబేలు ఎవరమ్మా?"

మార్నీ తలెత్తి చూసింది. ఒక ముసలాయన. ఒక చేతిలో ఊతకర్ర, ఇంకో చేతిలో జామ్ రొట్టెల డబ్బా. ముక్కు మధ్యలో కాస్త వంకర తిరిగి ఉంది.

"స్టెండర్ అని, పాతకాలం ఆయన."

"బాగా నెమ్మదా?"

"నేను చూడలేదు కదా తాతగారూ. కానీ లెక్క చూడండి. నాలుగు వేలెక్కడ, పద్దెనిమిది వందలెక్కడ? నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఇప్పుడైతే ఆయన మన జట్టుకి మంచినీళ్ళు మోసేవాడు."

"నీళ్ళు మోయడం కూడా తేలికేం కాదులే," అన్నాడు ముసలాయన. ఇంకాస్త వంగి చూశాడు. "తాబేలు బాగా కుదిరింది. తోక కొంచెం పొడుగయింది."

ఇంతలో నానమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "వచ్చావా లోయల్. నీకు ఒంట్లో బాగాలేదన్నారు, ఈ ఏడు కూడా రావేమో అనుకున్నా. మార్నీ, స్టెండర్ గారికి కుర్చీ వెయ్యి."

పుస్తకంలో ఉన్న మనిషి బతికి ఉంటాడని, నానమ్మ వండిన చిల్లీ మాంసం కూర తినడానికి వస్తాడని మార్నీ ఎన్నడూ అనుకోలేదు. గబుక్కున తాబేలు మీద కాలు పెట్టి నిలబడింది.

"కాలు తియ్యమ్మా," అన్నాడు స్టెండర్. "పాపం, ఊపిరాడదు దానికి."

నానమ్మ దుప్పటి చూసింది. గరిటె కిందికి దిగింది. "మార్నీ, ఏం పనే ఇది?"

"ఏమనకు వెల్మా. అంకెల్లో తప్పేం లేదు. ప్రతి గజమూ నిజమే."

"సారీ స్టెండర్ గారూ," అంది మార్నీ నేల చూపులు చూస్తూ.

"నిజం రాసినదానికి సారీ ఎందుకు?"

ఆయన కుర్చీలో కూర్చుని, దాల్చినచెక్క రోల్‌ను చిల్లీలో ముంచుకుని తిన్నాడు. బాగుందన్నాడు. కానీ చెంచా పట్టుకునే ఇరవై రెండు వంక కాసేపు చూశాడు. తర్వాత, గాలి కొడుతోందంటూ కుర్చీని దుప్పటి నుంచి అవతలికి తిప్పుకున్నాడు. గాలి వస్తోంది అటువైపు నుంచే. మార్నీ అది గమనించింది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అయినా మార్నీ మార్నీయే. మనసులో ప్రశ్న ఉంటే కడుపులో రాయి ఉన్నట్టే ఆ పిల్లకి.

"స్టెండర్ గారూ, మరి మీరు అంత తక్కువ ఎందుకు పరుగెత్తారు?"

నానమ్మ నెత్తి కొట్టుకుంది. స్టెండర్ మాత్రం నవ్వాడు. మనసారా నవ్వాడు.

"చెబితే ఏం తెలుస్తుంది. ఆడి చూడు. పిలువు మీవాళ్ళని."

పిల్లలు రెండు జట్లయ్యారు. గస్ అవతలి జట్టు. చేత్తో తాకితే పట్టుకున్నట్టే. మామూలుగా ఈ ఆటలో మార్నీది ప్రెంటిస్ లాంటి ఇప్పటి ఆటగాళ్ళ పద్ధతే. బంతి తమదైనప్పుడు తీసుకుని పరుగెడుతుంది. బంతి వాళ్ళ చేతికి పోగానే బయటికొచ్చి ఐసు పెట్టె మీద కూర్చుంటుంది. వేడి చాక్లెట్ తాగుతుంది. ఆపే పని వేరేవాళ్ళది.

"ఇవాళ మా కాలం పద్ధతి," అన్నాడు స్టెండర్ కుర్చీలోంచి. "పరుగెత్తినవాడే ఎదుటివాణ్ణి ఆపాలి. బంతి తన్నాల్సింది కూడా వాడే. బయటికొస్తే ఆ పావు వంతు ఆట అయ్యేదాకా మళ్ళీ లోపలికి రానిచ్చేది లేదు."

"ఓస్, ఇంతేనా?" అంది మార్నీ.

మొదటి పరుగు అదిరింది. దీపస్తంభం దాకా ఒక్కడూ తాకలేదు. అలవాటుగా ఐసు పెట్టె వైపు నడిచింది.

"కూర్చున్నావంటే ఇంక అంతే," అన్నాడు స్టెండర్.

వెనక్కి తిరిగింది. గస్ వెంట పరుగెత్తింది. వాడు అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. వాణ్ణి తాకగానే ఇంకొకడి వెంట. మోకాలు గీరుకుంది. బంతి మళ్ళీ వీళ్ళ చేతికొచ్చేసరికి మార్నీ ఆయాసంతో వగరుస్తోంది. అయినా బంతి తీసుకుంది. కాళ్ళు మాత్రం తనవి కానట్టున్నాయి. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. వీపు మీద ఒక చిన్న చెయ్యి పడింది.

"పట్టేశా," అన్నాడు గస్. అన్నాక వాడికే నమ్మకం కలగలేదు. పుట్టి బుద్ధెరిగాక అక్కని పట్టుకోవడం అదే మొదలు.

మార్నీ గడ్డిమీద చతికిలబడింది. "ఆట మొత్తం ఇలాగే ఆడేవారా?"

"ఆట మొత్తం. మొదటి ఏడాది కుర్రాళ్ళని అసలు ఆడనిచ్చేవాళ్ళు కాదు. కూర్చుని చూడటమే. మిగతా ఏళ్ళలో కూడా ఆటలు ఇప్పటికంటే తక్కువ. హెల్మెట్‌కి ముందు కమ్మీలుండేవి కాదు. అందుకే ఈ ముక్కు."

మార్నీ 1,806 వంక చూసింది. ఇందాక అది ఇంత పెద్దగా కనబడలేదు.

"అయితే మీరే గొప్ప," అని లేచింది. "ప్రెంటిస్‌దేముంది? మధ్యమధ్యలో కూర్చుని నీళ్ళు తాగుతాడు."

"అప్పుడే జెండా మార్చేశావా?" స్టెండర్ గొంతు మొదటిసారి కరుగ్గా పలికింది. "ఆ కుర్రాణ్ణి ఏమైనా అంటే నేనూరుకోను. నన్ను తరిమినవాళ్ళలో ఒకడు తర్వాత పళ్ళ డాక్టరయ్యాడు. గడకర్రలా ఉండేవాడు. ఇప్పుడు ప్రెంటిస్‌ని తరిమేవాళ్ళు ఒక్కొక్కడూ బీరువా అంత ఉంటాడు. అయినా జింకలా పరుగెడతాడు. వాళ్ళ మధ్యలోంచి పోయిన వారం ఎలా తప్పించుకున్నాడో చూశావా? ఎడమకి వెళ్తున్నట్టు భుజం ఇలా దించి..."

కుర్చీలో కూర్చునే భుజం దించాడు. ఎంత చటుక్కున దించాడంటే, గస్ నిజంగానే ఎడమకి ఒక అడుగు వేశాడు.

"...కుడికి. అంతే. నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను. నా మోకాళ్ళతో లేచి నిలబడటమంటే మాటలా? అలాంటి మలుపు నా జన్మలో తిరగలేదు."

మార్నీ ఆ భుజం వంకే చూస్తోంది. కోటు కింద ఒక ముసలి భుజం. ఒక్క క్షణం అందులో వేలమంది లేచి నిలబడ్డ స్టేడియం కనబడింది ఆ పిల్లకి.

"మరి మీ ఇద్దర్లో ఎవరు గొప్ప?"

"తేలాలంటే అతన్ని మా కాలానికి పంపాలి. లేదా నేను ఈ కాలానికి రావాలి. నేనైతే వచ్చాను, చూడు, కర్ర పట్టుకుని."

మార్నీ నానమ్మ సంచిలోంచి కత్తెర తెచ్చింది. దుప్పటి కింది అంచు పొడుగునా కత్తిరించేసింది. ఎర్ర అంకెలు, తాబేలు, దాని మీద బూటు ముద్ర, అన్నీ ఊడొచ్చాయి. ఆ గుడ్డని పీలికలు చేసి పిల్లలందరికీ పంచింది. "ఇవి నడుముకి దోపుకోండి. ఈసారి నుంచి తాకడం కాదు, ఇవి లాగాలి." గస్‌కి తాబేలు తల వచ్చింది. వాడు మురిసిపోయాడు.

డబ్బా అడుగున కొంచెం పసుపు రంగు మిగిలింది. దాంతో ఏడు మీది కిరీటాన్ని కుడివైపుకి సాగదీసింది. సాగి సాగి అది ఇరవై రెండు మీదికి కూడా వచ్చింది. ఆ చివర కాస్త వంకర పోయింది. పోతే పోయింది.

స్టేడియం వైపు డోళ్ళు మోగాయి. బస్సు వచ్చేస్తోంది.

"మీరు కూడా తాడు దగ్గరికి రండి స్టెండర్ గారూ. నా చోటుంది."

"ఆ తోపులాటలోకి నేనెప్పుడూ వెళ్ళలేదే," అన్నాడాయన. కానీ అప్పటికే కర్ర అందుకున్నాడు. "వస్తే ఏడు వైపు కొస నాకివ్వాలి. అతని ఆట ఒక్కటీ వదలకుండా చూసినవాణ్ణి నేను."

బకెట్ మీద స్టెండర్ కూర్చున్నాడు. ఏడు వైపు ఆయన పట్టుకున్నాడు, ఇరవై రెండు వైపు గస్. మధ్యలో మార్నీ, రెండు చేతులూ ఖాళీగా, తాడు మీదికి వంగి. బస్సు తలుపు తెరుచుకుంది. ఒకడు, ఇద్దరు, ముగ్గురు. ఆ వెనక ప్రెంటిస్. చప్, చప్‌మని వరసగా పిల్లల చేతులు కొట్టుకుంటూ వస్తున్నాడు.

అప్పుడే గాలి ఒక్కసారిగా విసిరింది. గస్ చేతిలోంచి కొస జారిపోయింది. దుప్పటి సగం మడత పడింది. ఇరవై రెండు కనబడటం లేదు. ఏడు ఒక్కటే కనబడుతోంది.

ప్రెంటిస్ ఇంక నాలుగడుగుల్లో ఉన్నాడు. మార్నీ చెయ్యి గాల్లో ఉంది. అతన్ని చూసింది, దుప్పటిని చూసింది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎగిరిపోతున్న కొసని రెండు చేతులా ఒడిసి పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. ఇరవై రెండు విచ్చుకుంది.

ప్రెంటిస్ ఆగాడు. దుప్పటి చదివాడు. బకెట్ మీద ఉన్న మనిషిని చూశాడు. ఆ ముక్కుని చూశాడు. స్టేడియం గోడ మీది ఫోటోలో కూడా ఆ ముక్కే ఉంది.

"స్టెండర్ గారు మీరేనా సర్?"

"నేనే బాబూ. పోయిన వారం ఆ మలుపు..." అంటూ స్టెండర్ ఎడమ భుజం చటుక్కున దించాడు.

ప్రెంటిస్ కూడా భుజం దించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళ చేతులు కలిశాయి. ఆ ముసలాయన కళ్ళు తడిశాయి. ఆయన గాలి మీద నెపం పెట్టలేదు.

తర్వాత ప్రెంటిస్ మార్నీ వైపు చెయ్యి చాచాడు.

"వదులక్కా, వదిలేసి కొట్టు," అన్నాడు గస్ కంగారుగా.

గాలి దుప్పటిని ఇంకా గుంజుతూనే ఉంది. మార్నీ వదల్లేదు. వేళ్ళు తెల్లగా పాలిపోయేలా పట్టుకుని, "కుదరదండీ," అంది.

ప్రెంటిస్ ఆ పిల్ల చేతుల్ని చూశాడు. ఆ చేతుల మధ్యనున్న ఇరవై రెండు మీద మెల్లగా రెండుసార్లు తట్టి, ముందుకు వెళ్ళిపోయాడు.

"నీ చెయ్యి కొట్టలేదు కదక్కా," అన్నాడు గస్ దిగులుగా.

"మిగతా ఆటగాళ్ళ బస్సు ఇప్పుడే ఆగింది, చూడు," అంది మార్నీ. "రా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి. మళ్ళీ మడత పడుతుంది."